బ్యారేజీ ఎగువన లంకలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో ఉన్న భవానీ ద్వీపం గురించి, దాని చుట్టుపక్కల ఊరూ వాడా లేని చిన్న లంకల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. గుంటూరు పాఠకురాలు ఒకరు కాకినాడ రేవు ముందున్న హోప్ ఐలాండ్ గురించి అడిగారు. అదీ ఇక్కడే చేర్చాం.

ప్రశ్న (భవానీపురం, విజయవాడ): మా డాబా ఎక్కితే భవానీ ద్వీపం ఎదురుగా కనిపిస్తుంది. ఇంద్రకీలాద్రి నుంచి విడిపోయిన కొండ ముక్క అని మా పెద్దవాళ్లు చెప్పేవారు. నిజమేనా?

జవాబు: కాదు. అది ఏరు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు మట్టి. అయితే కొండలకు దాంతో సంబంధం ఉంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఈ రెండింటి మధ్య సందులోంచి కృష్ణ డెల్టాలోకి దిగుతుంది. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, అంటే ఆ సందు వెడల్పు దాదాపు అంతే. దానికి ఎగువన నది బాగా వెడల్పు. వరద వచ్చినప్పుడు అంత నీరూ ఒక్కసారి ఆ సందులో పట్టదు. వెనక్కి నిలిచి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన నీరు మోయలేని బరువును అక్కడే దించేస్తుంది. ముందు గరుకు ఇసుక పడుతుంది, తర్వాత సన్న ఇసుక, చివరికి మెత్తటి ఒండ్రు.

మేట నీటి పైకి తేలిన ఏడాదే రెల్లు మొలుస్తుంది. అసలు లంక కట్టేది ఈ రెల్లే. దాని వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, కాడలు తర్వాతి వరదకు అడ్డంగా నిలబడి ఒండ్రును ఆపుతాయి. ఒక్కో వరదకు ఒక్కో పొర పడుతుంది. అలా కొన్నేళ్లు గడిస్తే పొదలు, ఆ పైన చెట్లు నిలదొక్కుకుంటాయి.

దీన్ని మీరే చూసి తెలుసుకోవచ్చు. ఏ లంకకైనా ఎగువ కొన దగ్గర పిడికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలపండి, గరగరలాడుతుంది. దిగువ కొన దగ్గర తీసింది తడిపితే ముద్ద అవుతుంది. ప్రవాహం ఎగువ కొనను కోస్తూ, ఆ సరుకును దిగువ తోకకు చేరుస్తుంది కాబట్టి చిన్న లంకలు ఏళ్ల మీద నెమ్మదిగా దిగువకు జరుగుతాయి. ఒడ్డు నిటారుగా తెగిన చోట చూస్తే ఇసుక పొర, మట్టి పొర, మళ్లీ ఇసుక పొర వరసగా కనిపిస్తాయి. ఇసుక పొర మందంగా ఉంటే ఆ వరద ఉధృతంగా వచ్చినట్టు.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు. విశ్రాంత ఉపాధ్యాయుడు): ఈ లంకలు బ్యారేజీ కట్టాక వచ్చినవా, అంతకు ముందే ఉన్నాయా?

జవాబు: నదిలో మేటలు వేయడం, కోసుకుపోవడం ఆనకట్టల కంటే ఎంతో పాతది. ఇప్పుడు మనం చూస్తున్న నిలకడ మాత్రం ఆనకట్టల చలవే.

1832-33 డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. కళ్లెదుట కృష్ణ పారుతున్నా పొలానికి చుక్క నీరు ఎక్కించే దారి లేకపోయింది. ఆ తర్వాత వచ్చిన ఒత్తిడితోనే ఆనకట్ట ఆలోచన గట్టిపడింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. అది నదికి అడ్డంగా వేసిన రాతి కట్టు. వరద దాని మీదుగా పొర్లిపోయేది. దాదాపు వందేళ్లు పనిచేసి 1952లో గండి పడింది. 1954లో కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది, 1957 డిసెంబరు 24న ప్రారంభమైంది. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు అదే ఏడాది మే నెలలో కన్నుమూశారు. ఆయన పేరే పెట్టారు.

రాతి కట్టుకూ బ్యారేజీకీ ఉన్న తేడా లంకల దగ్గర తెలుస్తుంది. బ్యారేజీకి 70 గేట్లున్నాయి. వాటిని దించి 12 అడుగుల నీటిమట్టం నిలబెడతారు, అది సముద్రమట్టం నుంచి లెక్కిస్తే 57.05 అడుగులు. వరద లేని రోజుల్లో ఎగువన నీరు ఆ గీత దగ్గరలో ఉంటుంది కాబట్టి దానికి పైనున్న నేల మీద చెట్లు నిలకడగా పెరుగుతాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి, తాగునీటి పథకాలకు, తూర్పు పశ్చిమ కాలువలకు నీరు అందాలన్నా ఆ మట్టం తప్పనిసరి.

రెండో మార్పు అంత మంచిది కాదు. 1967లో నాగార్జునసాగర్, ఆ తర్వాత శ్రీశైలం పూర్తయ్యాక పై నుంచి రావలసిన ఒండ్రులో చాలా భాగం ఆ జలాశయాల అడుగునే ఆగిపోతోంది. డెల్టా అంచున సముద్రం నేలను కోసేయడానికి ఇదొక ముఖ్య కారణం. లంకలకూ అదే వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ ఏడు కోసుకుపోయింది వచ్చే ఏటికి పూడేది. ఇప్పుడు ఆ భరోసా లేదు. లంక ఎగువ కొన దగ్గర ఇసుక తవ్వితే నష్టం ఆ గుంతతో ఆగదు. తర్వాతి వరద ఆ గుంత అంచు నుంచే లంకను తినడం మొదలుపెడుతుంది. ఎక్కడ తవ్వినా తప్పేనని అనలేం గానీ, ఎగువ కొన మీద తవ్వడం మాత్రం ఏ కారణం చెప్పినా సమర్థించలేం.

ప్రశ్న (ఉండవల్లి, తాడేపల్లి మండలం): భవానీ ద్వీపం 133 ఎకరాలని చదివాను. వేసవిలో చూస్తే అంతకన్నా పెద్దదిగా ఉంటుంది. ఏది సరైన లెక్క?

జవాబు: 133 ఎకరాలు, అంటే సుమారు 54 హెక్టార్లు. నీరు నిండుగా ఉన్నప్పుడు పైన మిగిలే నేలకు అదే లెక్క వాడుకలో ఉంది. మీ కంటికి కనిపించే తేడాలో మోసం లేదు. ఇసుక అంచులు చాలా వాలుగా ఉంటాయి. నూరు అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న చోట మట్టం ఒక్క అడుగు తగ్గితే నూరు అడుగుల నేల బయటపడుతుంది. చుట్టుకొలత 3 కిలోమీటర్లు ఉన్న లంకకు అన్ని వైపులా అదే వాలు ఉందనుకుంటే, అడుగు దిగగానే దాదాపు 22 ఎకరాలు కలుస్తాయి. ఫోటోలు పక్కపక్కన పెట్టి లంక పెరిగింది, తరిగింది అని తేల్చేవారు ఆ రెండు రోజుల్లో బ్యారేజీ మట్టం ఎంతో ముందు చూడాలి. ఆ అంకె దినపత్రికల్లో వస్తూనే ఉంటుంది.

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ): వరదలో లంకలు ఎప్పుడు మునుగుతాయి? బ్యారేజీలో నీరు ఆపితే మునగవు కదా?

జవాబు: ఆపలేరు. ఎందుకో లెక్క చూడండి. బ్యారేజీ నిండితే పట్టేది 3.07 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. నాలుగు లక్షల క్యూసెక్కుల వరద వస్తే ఖాళీ బ్యారేజీ అయినా రెండు గంటల పైచిలుకులో నిండిపోతుంది. 2024 సెప్టెంబరు 2న వచ్చినట్టు 11.43 లక్షల క్యూసెక్కులు వస్తే ముప్పావు గంట చాలు. అందుకే పెద్ద వరదలో చేయగలిగింది ఒక్కటే, 70 గేట్లూ పూర్తిగా ఎత్తేసి నీటికి దారి ఇవ్వడం. నీరు దాచుకునే జలాశయం ఎగువన పులిచింతల, దాని సామర్థ్యం 45.77 టీఎంసీలు. దానికీ బ్యారేజీకీ మధ్య మున్నేరు వచ్చి కలుస్తుంది. ఆ నీటిని ఆపే పెద్ద జలాశయం దారిలో లేదు. ఖమ్మం వైపు కుంభవృష్టి కురిస్తే, పులిచింతల గేట్లు ఎలా ఉన్నా, ఇక్కడ మట్టం పెరుగుతుంది.

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. లంకల పల్లపు అంచులు, రెల్లు దుబ్బులు అంతకు ముందే నీట మునిగి ఉంటాయి. భవానీ ద్వీపంలోకి 2019 ఆగస్టులోనూ వరద చొరబడింది. 2024లో వచ్చింది మాత్రం 2009 వరదను కూడా దాటింది. అప్పుడు కట్టు తెంచుకున్న పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) విరగ్గొట్టాయి. లంకల దగ్గర పడవ కట్టేవారికి ఇందులో పాఠం ఉంది. తాడు పొట్టిగా బిగించి కడితే మట్టం పెరిగే కొద్దీ పడవ ముక్కు కిందికి లాగబడి నీరు ఎక్కుతుంది, లేదా తాడు తెగుతుంది. మొదటి హెచ్చరిక వరకు ఆగకుండా, ఎగువన వానల కబురు రాగానే పడవను ఒడ్డు మీదికి లాగేయడం ఒక్కటే మార్గం.

గుంటూరు వైపు కరకట్ట వెనక ఉన్నవారికి ఇంకో చిక్కు. కృష్ణ నిండుగా ఉంటే కొండవీటి వాగు అందులో కలవలేక వెనక్కి తంతుంది. ఉండవల్లి దగ్గర 2018లో మొదలైన 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం ఆ నీటిని తోడి నదిలో పోయడానికే.

ప్రశ్న (మంగళగిరి. కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు): చిన్న లంకల మీద మొక్కలు నాటాలని, గుర్రపు డెక్క తీయాలని అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: రెండో పని చేయండి. మొదటిది వదిలేయండి. చెట్టూ చేమా లేని ఇసుక మేట మనకు ఖాళీగా కనిపిస్తుంది గానీ కొన్ని పక్షులు గుడ్లు పెట్టడానికి ఒప్పుకునేది అలాంటి నేలనే. దాని మీద మొక్కలు పెంచితే కాకులు, గద్దలు వాలడానికి కొమ్మ దొరుకుతుంది, గుడ్లు మిగలవు. ఒడ్డు కోత ఆపాలనుకుంటే అక్కడ ఇప్పటికే మొలిచిన రెల్లును, తుంగను కాల్చకుండా, కోయకుండా ఉంచితే చాలు. తీయాల్సిన చెట్టు ఏదైనా ఉంటే అది సర్కారు తుమ్మ. దాన్ని నరికితే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. మొదట్లో మట్టి తవ్వి, వేరు మొదలు ఉన్న దుంప భాగం కింద కోయాలి. ఏ పనికైనా ముందు అటవీ శాఖ, జల వనరుల శాఖల అనుమతి తీసుకోండి.

గుర్రపు డెక్క అనుకూలమైన నీటిలో రెండు వారాలకే రెట్టింపవుతుంది. మురుగు కలిసే చోట, నీరు కదలని పాయలో మరీ త్వరగా. కత్తితో కోయడం వృథా శ్రమ, ఎందుకంటే తెగిన తీగ ముక్కలు మళ్లీ మొక్కలవుతాయి. మొక్కలను కలిపే తీగలతో సహా పంగల కర్రతో లాగి ఒడ్డుకు చేర్చాలి. ఊదా పూలు పూయకముందే తీయాలి, విత్తనం అడుగు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. చాలామంది చేసే తప్పు, తీసిన కుప్పను నీటి అంచునే వదిలి రావడం. బ్యారేజీ మట్టం అడుగు పెరిగినా అదంతా తిరిగి నీటిలో పడుతుంది. వరద గీతకు పైన ఆరబెట్టి, పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు. ఒకవైపు నుంచి మొదలుపెట్టి వరసగా తీసుకుంటూ వెళ్లండి. మధ్యలో అక్కడక్కడా తీస్తే గాలికి మిగతాది వచ్చి ఖాళీ నింపేస్తుంది. జకానాలు, నీటికోళ్లు ఆ తెట్టు మీదే గూళ్లు కడతాయి. వానాకాలంలో గూడు కనిపిస్తే ఆ చుట్టుపక్కల తెట్టును అప్పటికి కదపకండి.

ప్రశ్న (లబ్బీపేట, విజయవాడ): పక్షులను చూడటానికి ఏ నెలలో, ఎక్కడ నిలబడాలి? బైనాక్యులర్ ఏది కొనాలి?

జవాబు: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులుంటాయి. మార్చి నుంచి మే వరకు ఇక్కడే పిల్లలు చేసే నదీ పక్షులు. రెండూ చూడదగ్గవే.

ఎక్కడ నిలబడాలన్నది వెలుగు మీద ఆధారపడుతుంది. నది ఇక్కడ పడమర నుంచి తూర్పుకు పారుతుంది. విజయవాడ ఒడ్డు నుంచి లంకల వైపు చూస్తే మీ ముఖం దక్షిణానికి ఉంటుంది, చలికాలం ఎండ కళ్లలో పడి పక్షి నల్లటి నీడలా కనిపిస్తుంది. సీతానగరం ఘాట్, ఉండవల్లి కరకట్ట మీద నుంచి చూస్తే ఎండ వీపు వైపు ఉంటుంది, రంగులు తేటగా తెలుస్తాయి. తెల్లవారిన మొదటి రెండు గంటలు మంచివి. మంచు దట్టంగా ఉన్న రోజు ఎనిమిది దాకా ఆగాల్సి వస్తుంది. ఎండ ఎక్కాక నీటి మీద ఆవిరి కదులుతూ దూరపు బొమ్మ వణుకుతుంది, ఎంత ఖరీదైన అద్దమైనా లాభం లేదు.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరకు తెస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10×, 12× కొంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పడవలో అయితే అసలు నిలవదు.

మొదటి రోజే గుర్తుపట్టగలిగినవి: రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి, ముక్కు మధ్య సందు ఉండే నత్తగొట్టు కొంగ, నీటి మీద ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి దభాలున దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట, గోధుమరంగు రెక్కలు, తెల్ల తల ఉన్న గరుడ పక్షి. నీటి అంచున పరుగెత్తే ఉల్లంకి పిట్టలు చాలా రకాలు, వాటికి ఓపిక కావాలి. నీటి మీద ఎగురుతూ చేపలు పట్టే టెర్న్ పక్షుల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. పసుపు ముక్కు, ఎర్ర కాళ్లు, లోతుగా చీలిన తోక ఉన్న పెద్ద పక్షి రివర్ టెర్న్, ఏడాదంతా ఉంటుంది. చలికాలంలో గుంపులుగా నీటిని తాకుతూ తిరిగే చిన్నది విస్కర్డ్ టెర్న్. నారింజ ముక్కు, వేసవిలో నల్లటి పొట్ట ఉన్నది కనిపిస్తే తేదీ, చోటు రాసుకుని ఫోటో తీయండి. అది బ్లాక్-బెల్లీడ్ టెర్న్. ప్రపంచమంతటా అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి, దాని ప్రతి నమోదుకూ విలువ ఉంది.

గూడబాతులను, రంగు కొంగలను దగ్గరగా చూడాలంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులకు వెళ్లండి, అవి అక్కడ గూళ్లు కడతాయి.

ప్రశ్న (అమరావతి రోడ్డు, గుంటూరు): వేసవిలో ఇసుక తిన్నె మీదికి నడుస్తుంటే పక్షులు అరుస్తూ తల మీదికి వచ్చాయి. ఎందుకలా?

జవాబు: మీరు వాటి గుడ్ల మధ్యలో ఉన్నారు. రివర్ టెర్న్, లిటిల్ టెర్న్, స్మాల్ ప్రాటిన్‌కోల్, తీతువు లాంటివి గూడు అల్లవు. ఇసుకలో చిన్న పల్లం చేసి రెండు మూడు గుడ్లు పెడతాయి. గుడ్ల రంగు, మచ్చలు ఇసుకలో గులకరాళ్లతో కలిసిపోతాయి కాబట్టి కాలు పడే దాకా కనిపించవు. పొదగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ కాలంలో తల్లి గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కంటే ఎండ తగలకుండా కాయడానికే ఎక్కువ. వచ్చే ముందు పొట్ట ఈకలు తడుపుకొస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మీరు అక్కడ నిలబడి ఫోటోలు తీస్తున్నంత సేపూ అది గాల్లోనే ఉంటుంది, గుడ్డులో పిల్ల ఉడికిపోతుంది.

అలా అరుపులు వినగానే ఆగండి. ముందుకు గానీ పక్కకు గానీ కదలకుండా, వచ్చిన అడుగుల జాడల మీదే వెనక్కి వెళ్లండి. నూరు మీటర్ల దూరం నుంచి చూడండి. కుక్కను తీసుకుపోవద్దు. తిన్నెకు గట్టు నుంచి నడిచే దారి ఏర్పడిందంటే ఆ ఏడాది వీధి కుక్కలే సగం గూళ్లు పాడుచేస్తాయి. చుట్టూ లోతు నీరున్న లంకలు పక్షులకు అంత విలువైనవి అందుకే.

ప్రశ్న (ఇబ్రహీంపట్నం): తెల్లవారుజామున రెల్లు పక్కన నీటిలో నాలుగైదు తలలు కనిపించాయి. నీటికుక్కలేనా? మరొకరు నీటిపిల్లి అంటున్నారు.

జవాబు: గుంపుగా ఉంటే నీటికుక్కలే కావాలి. కృష్ణలో ఉండేది స్మూత్-కోటెడ్ ఆటర్, పెద్దది పది కిలోల దాకా తూగుతుంది. కుటుంబంతో కలిసి వేటాడుతుంది. పిల్లులు గుంపుగా ఈదవు.

ఒడ్డున గుర్తులు వెతకండి. తడి మట్టిలో అయిదు వేళ్ల ముద్ర, వేళ్ల మధ్య పొర జాడ ఉంటే నీటికుక్క. అది ఒకే చోట పదే పదే విసర్జిస్తుంది. అందులో చేప పొలుసులు, ముళ్లు, పీత డిప్పల ముక్కలు ఉంటాయి, నీచు వాసన వస్తుంది. పిల్లి ముద్రలో నాలుగు వేళ్లే, గోరు గుర్తు సాధారణంగా పడదు. నీటిపిల్లులు ఎక్కువగా ఉండేది నది ముఖద్వారం దగ్గరి మడ అడవుల్లో, 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో. దాని ఒంటి మీద మచ్చల వరసలుంటాయి, తోక పొట్టి, కాళ్లు బలిష్ఠం. మచ్చలు లేకుండా పొడుగు కాళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు ఉంటే అది జంగపిల్లి.

జాలర్లకు ఒక మాట. నీటికుక్కలు వల చించే మాట నిజమే. రాత్రంతా వదిలేసిన వలలోనే అది జరుగుతుంది, ఊపిరాడక అవి చనిపోయేదీ అక్కడే. రెల్లు దుబ్బుకు ఆనించి వల కట్టకుండా కొంత ఎడం ఉంచితే రెండూ తగ్గుతాయి.

ప్రశ్న (గొల్లపూడి): మొసళ్లున్నాయా?

జవాబు: ఎగువన సాగర్, శ్రీశైలం జలాశయాల్లో మగ్గర్ మొసళ్లున్నాయి. వరదలో ఒకటి కిందికి రావడం అసాధ్యం కాదు. కనిపిస్తే ఈతకు దిగకుండా, రాళ్లు వేయకుండా అటవీ శాఖకు చెప్పండి.

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు): కాకినాడ హోప్ ఐలాండ్ కూడా ఇలాగే నది కట్టిందేనా? పిల్లలను తీసుకెళ్దామనుకుంటున్నాం.

జవాబు: సరుకు నదిదే, కట్టింది సముద్రం. గోదావరి సముద్రంలో పోసిన ఇసుకను నైరుతి రుతుపవనాల అలలు తీరం వెంబడి ఉత్తరానికి తోస్తాయి. అలా తోసిన ఇసుక సుమారు 16 కిలోమీటర్ల సన్నటి తిన్నెగా సాగింది. వయసు చూస్తే చాలా చిన్నది, గడిచిన రెండు శతాబ్దాల్లో పెరిగింది. బంగాళాఖాతం అలలు ముందు దానికే తగులుతాయి కాబట్టి వెనక ఉన్న కాకినాడ రేవులో నీరు నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మది వల్లే లోపల ఒండ్రు పేరుకుంటుంది, అందుకే పెద్ద ఓడలు లోతు నీటిలో ఆగితే బార్జీలతో సరుకు ఒడ్డుకు చేరవేసే పద్ధతి అక్కడ వచ్చింది.

ఒకే తిన్నెకు రెండు ముఖాలు. సముద్రం వైపు ఇసుక మీద జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో నూరు పైచిలుకు. యాభై రోజుల అటూ ఇటూగా పిల్లలు వస్తాయి. రేవు వైపు మడ చెట్లు. దాని ఎదురుగానే 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం, 235.70 చదరపు కిలోమీటర్లు. పిల్లలతో వెళ్లేటప్పుడు తాగునీరు వెంట ఉండాలి, నీడ తక్కువ. రాత్రి ఒడ్డున టార్చి, ఫోన్ వెలుగు వేయకండి. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల వెలుగు ఉన్న వైపే సముద్రమనుకుని నడుస్తుంది.

ప్రశ్న (పటమట, విజయవాడ): లంకకు పడవలో వెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: 2017 నవంబరు 12న భవానీ ద్వీపం నుంచి ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం వైపు వెళ్తున్న పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఈ ప్రశ్నకు ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పడవ మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కించాల్సిన మనుషుల సంఖ్య రాసి ఉండాలి. మీరే తలలు లెక్కపెట్టండి, ఎక్కువైతే దిగిపోండి. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోవడం కాదు, అన్ని బెల్టులూ బిగించాలి. పక్కవారిని జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు, నీటిలో తల లోంచి జారిపోతుంది. పెద్దల జాకెట్ పిల్లలకు వేస్తే అదే జరుగుతుంది. వెడల్పు పడవ స్థిరంగా ఉందనిపిస్తుంది గానీ జనం లేచి నిలబడితే బరువు పైకి చేరుతుంది. అందరూ ఫోటో కోసం ఒకే అంచుకు వస్తే ఆ అంచు నుంచి నీరు లోపలికి వస్తుంది, వచ్చిన నీరు వాలిన వైపే పారి మరింత వంచుతుంది. అక్కడి నుంచి తిరగబడటానికి క్షణాలు చాలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమట మబ్బు నల్లబడితే ఎక్కకండి, వాన కంటే ముందు ఈదురుగాలి వస్తుంది.

ప్రశ్న (రాణిగారితోట, విజయవాడ): వరద తగ్గాక లంక నుంచి, రెల్లులోంచి పాములు ఇళ్ల మీదికి వస్తున్నాయి. అన్నీ విషప్పాములేనా? కరిస్తే ఏం చేయాలి?

జవాబు: కొట్టుకొచ్చే వాటిలో ఎక్కువ నీరుకట్టు పాములు, జెర్రిపోతులు. వాటికి విషం లేదు. నీరుకట్టు కోపంగా కరుస్తుంది, గాయం కడిగితే సరిపోతుంది. అయితే నాగుపాము, రక్తపింజర కూడా మెరక వెతుక్కుంటూ అదే గట్టుకు చేరతాయి. కట్లపాము రాత్రి పడక దగ్గరకు వస్తుంది, దాని కాటు నొప్పి లేకపోవడంతో చాలామంది తెల్లారే దాకా పట్టించుకోరు. కాబట్టి ఏ పామో తేలకపోతే విషప్పామే అనుకుని నడవాలి.

వరద చెత్తను చేత్తో ఎత్తకండి, పొడుగు కర్రతో కదిపి, కాసేపు ఆగి తీయండి. మోకాలి దాకా బూట్లు, రాత్రి టార్చి, నేల మీద పడుకుంటే అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర. ఈ మూడింటితోనే చాలా కాట్లు తప్పుతాయి.

కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, ఐసు పెట్టకండి. బిగించిన కట్టు వల్ల రక్తపింజర కాటులో కాలు కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. ఉంగరం, మెట్టెలు, గడియారం వెంటనే తీసేయాలి, తర్వాత వాపుకు రావు. కరిచిన కాలినో చేతినో చెక్కతో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. విషానికి మందు యాంటీ స్నేక్ వీనమ్ ఒక్కటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ అదే ఇంజెక్షన్. పామును చంపి పట్టుకెళ్లాల్సిన అవసరం లేదు, దూరం నుంచి ఫోటో దొరికితే మంచిది. వాహనం వచ్చేలోగా కాటు పడిన సమయం ఒక కాగితం మీద రాసి రోగి వెంట పంపండి, ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.